విమానాలు ఆపితే వ్యాధి ఆగుతుందా?

ఎబోలా ప్రబలిన దేశాల నుంచి వచ్చేవారిని లోపలికి రానివ్వాలా, వద్దా అన్న ప్రశ్న 2014 అక్టోబరులో అమెరికాను కుదిపేసింది. నవంబరు 4న మధ్యంతర ఎన్నికలు జరగాల్సి ఉండడంతో చట్టసభల్లోనూ, టీవీ చర్చల్లోనూ, ఎన్నికల సభల్లోనూ ఇదే మాట నలిగింది. అప్పటికి గినీ, లైబీరియా, సియెరా లియోన్ దేశాల్లో నాలుగు వేల మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరు 20న లైబీరియా నుంచి బ్రస్సెల్స్ మీదుగా డాలస్ చేరుకున్న ఒక వ్యక్తికి కొద్ది రోజులకే జ్వరం రావడం, ఆసుపత్రికి వెళితే యాంటీబయాటిక్ మందులిచ్చి ఇంటికి పంపేయడం, మళ్లీ అంబులెన్సులో తీసుకొచ్చాక 30వ తేదీన అది ఎబోలా అని తేలడం, అక్టోబరు 8న అతడు కన్నుమూయడం, అతడికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు వ్యాధి సోకడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఆ మూడు దేశాలతో రాకపోకలు ఆపేస్తే పోలేదా అని సామాన్య పౌరుడు అడగడంలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే అది సోకిన వారిలో సగటున సగం మందిని బలిగొనే వ్యాధి, పైగా ఆనాటికి దానికి ఆమోదం పొందిన టీకా గానీ మందు గానీ లేవు.

ఆ భయానికి గౌరవం ఇస్తూనే, నిషేధం నిజంగా ఏం చేస్తుందో పరిశీలించాలి. 2014 నాటి అనుభవాన్ని వివరంగా చూస్తే, ఎబోలా విషయంలో ప్రయాణ నిషేధాలు వ్యాధిని ఆపిన దాఖలాలు దొరకవు గానీ, ఆపడానికి వెళ్లినవారి చేతులు కట్టేసిన దాఖలాలు కోకొల్లలుగా దొరుకుతాయి.

ఇందుకు కారణం ఆ వైరస్ స్వభావంలోనే ఉంది. వైరస్ ఒంట్లో చేరిన నాటి నుంచి తొలి లక్షణం బయటపడే దాకా పట్టే వ్యవధిని వైద్యులు ఇంక్యుబేషన్ కాలం అంటారు. ఎబోలాలో అది 2 నుంచి 21 రోజులు ఉంటుంది, ఆ వ్యవధిలో ఆ వ్యక్తి నుంచి మరొకరికి వ్యాధి అంటదు. జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలైన తర్వాతే, అది కూడా రోగి రక్తం, వాంతి, మలం వంటి శరీర ద్రవాలను గానీ, అవి అంటిన వస్తువులను గానీ తాకినవారికే సోకుతుంది. వ్యాధి ముదిరే కొద్దీ ఆ ద్రవాల్లో వైరస్ పెరుగుతూ పోయి, ప్రాణం పోయేనాటికి తారస్థాయికి చేరుతుంది కాబట్టి, ఇంట్లో రోగికి సపర్యలు చేసే ఆడవాళ్లు, ఆసుపత్రి సిబ్బంది, శవానికి స్నానం చేయించి సాగనంపే బంధువులే ఎక్కువగా దీని బారిన పడ్డారు. డాలస్ రోగి ప్రయాణించిన విమానాల్లో ఎవరికీ వ్యాధి సోకలేదు. లక్షణాలు మొదలయ్యాక అతడితో ఒకే ఇంట్లో గడిపిన వారికి సైతం సోకలేదు. సోకింది వ్యాధి ముదిరిన దశలో అతడిని పట్టుకుని సేవ చేసిన నర్సులకు.

నిషేధాన్ని కోరినవారు ఈ స్వభావం నుంచే తమ వాదనను తీసుకున్నారు. జ్వరం లేని రోజుల్లో ప్రయాణించే వ్యక్తిని విమానాశ్రయంలోని థర్మామీటరు పట్టుకోలేదు కదా అన్నది వారి ప్రశ్న, డాలస్ రోగి మన్రోవియా విమానాశ్రయంలో పరీక్షను దాటుకుని వచ్చిన మాట కూడా నిజమే. అయితే ఆ నిశ్శబ్దపు రోజుల్లో అతడు ఎవరికీ ప్రమాదకారి కాడు. అతడు ఎక్కడ దిగాడో, ఏ ఇంట్లో ఉన్నాడో, ఏ నంబరుకు ఫోన్ చేస్తే పలుకుతాడో ప్రభుత్వానికి తెలిసి ఉండి, తొలి జ్వరం నాడే అతడిని ప్రత్యేక గదికి తరలించగలిగితే వ్యాధి అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ రెండు మాటలను వేరు చేసి చూడాలి. జబ్బు పడ్డవారిని విడిగా ఉంచడం ఐసొలేషన్. జబ్బు పడవచ్చునన్న అనుమానంతో ఆరోగ్యవంతులను విడిగా ఉంచడం క్వారంటైన్. ఎబోలాకు మొదటిది తప్పనిసరి. రెండోదాని స్థానంలో చాలా సందర్భాల్లో రోజూ వాకబు చేయడం సరిపోతుంది.

అక్టోబరు 16న ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు హాజరైన అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అధిపతి టామ్ ఫ్రీడెన్ వాదన సారాంశం కూడా ఇదే. నిషేధిస్తే జనం రావడం మానరనీ, దారి మార్చుకుని, ఎక్కడి నుంచి వస్తున్నదీ దాచి వస్తారనీ, అప్పుడు వారిని పరీక్షించే, వెంట ఉండి కనిపెట్టే అవకాశం చేజారుతుందనీ ఆయన చెప్పారు. ఆ రోజుల్లో ఆ మూడు దేశాల నుంచి అమెరికాకు నేరు విమానాలు అసలు లేవు. రోజుకు సుమారు 150 మంది బ్రస్సెల్స్, పారిస్, కాసాబ్లాంకా వంటి నగరాల్లో మారి వచ్చేవారు. ప్రభుత్వం వారందరినీ న్యూయార్క్ కెనడీ, నెవార్క్, వాషింగ్టన్ డల్లెస్, చికాగో ఓహేర్, అట్లాంటా అనే అయిదు విమానాశ్రయాల గుండానే రప్పించింది. అక్కడ చేతికి ఒక చిన్న సంచి ఇచ్చి పంపేవారు. అందులో థర్మామీటరు, ఉష్ణోగ్రతను 21 రోజుల పాటు రాసుకునే పట్టిక, ఒంట్లో నలతగా ఉంటే ఫోన్ చేయాల్సిన నంబర్లు ఉండేవి, ఆ తర్వాత ఒక ప్రీపెయిడ్ ఫోన్ కూడా చేర్చారు. రాష్ట్రాల ఆరోగ్య సిబ్బంది రోజూ వారిని పలకరించి అంకెలు అడిగి తెలుసుకున్నారు. చూడడానికి ఇది పెద్ద పనిగా కనిపించదు, ఎన్నికల వేదికపై చప్పట్లు కొట్టించుకోదు కూడా. అయినా డాలస్ తర్వాత అమెరికా గడ్డపై మరొకరికి వ్యాధి అంటకుండా కాపాడింది ఈ ఓపికే.

లాగోస్ చేసి చూపించింది

ఈ ఓపిక డబ్బున్న దేశాలకే చెల్లుతుందన్న వాదనకు నైజీరియా అప్పటికే సమాధానం చెప్పింది. 2014 జులై 20న లైబీరియా నుంచి లోమే మీదుగా వచ్చిన ఒక అధికారి లాగోస్ విమానాశ్రయంలోనే కుప్పకూలాడు. సోదరికి ఎబోలా సోకి చనిపోయిన సంగతిని అతడు దాచాడు, వైద్యులు మొదట మలేరియా అనుకున్నారు. డాక్టర్ అమేయో స్టెల్లా అడడెవో అనుమానపడి ఎబోలా పరీక్షకు నమూనాలు పంపారు. ఒక అంతర్జాతీయ సమావేశానికి వెళ్లాలి, విడిచిపెట్టండని లైబీరియా వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆమె తలవంచలేదు. రోగి ఆ ఆసుపత్రిలోనే మరణించాడు, ఆగస్టు 19న అదే వ్యాధితో ఆమె కూడా ప్రాణాలు కోల్పోయారు. సుమారు రెండు కోట్ల జనాభా ఉన్న నగరంలో ఆ ఒక్క రోగి వీధిలోకి వచ్చి ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ డాక్టరు మొండితనానికి నైజీరియా మాత్రమే కాదు, ప్రపంచమంతా రుణపడి ఉంది.

ఆ తర్వాత జరిగిన పనిని కాంటాక్ట్ ట్రేసింగ్ అంటారు, అంటే రోగిని తాకినవారిని, వారు తాకినవారిని పేరుపేరునా వెతికి జాబితా రాసి, 21 రోజుల పాటు గమనించడం. పోలియో నిర్మూలన కోసం అంతకుముందే ఏర్పాటు చేసుకున్న అత్యవసర కేంద్రాన్ని, ఇల్లిల్లూ తిరగడం అలవాటైన ఆ సిబ్బందిని నైజీరియా రాత్రికి రాత్రి ఎబోలా పనికి మళ్లించింది. దాదాపు 900 మంది జాబితాకెక్కారు, వారి కోసం సుమారు 18,500 సార్లు తలుపులు తట్టారు. ఒక వ్యక్తి తప్పించుకుని పోర్ట్ హార్కోర్ట్ వెళ్లి, అక్కడ తనకు వైద్యం చేసిన డాక్టరుకు వ్యాధి అంటించి, ఆ డాక్టరు మరణం తర్వాత వందల కొత్త పేర్లు జాబితాలో చేరినా ఈ వెతుకులాట గొలుసు తెగిపోలేదు. మొత్తం 20 మందికి సోకి, 8 మంది చనిపోయాక వ్యాప్తి ఆగింది. కొత్త రోగి లేకుండా 42 రోజులు, అంటే ఇంక్యుబేషన్ కాలానికి రెట్టింపు గడువు గడిచాక, అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియాను ఎబోలా రహితంగా ప్రకటించింది. ఆ తొలి రోగిని తెచ్చిన విమాన సంస్థ రాకపోకలను నైజీరియా కూడా ఆపిన మాట నిజమే. అప్పటికి వైరస్ లోపలికి వచ్చేసింది, దాన్ని పట్టింది తలుపులు తట్టినవారే.

గినీతో పొడవైన భూసరిహద్దు ఉన్న మాలి దేశం ఆ సరిహద్దును మూయలేదు. అక్కడికి వ్యాధి రెండుసార్లు రోడ్డు మార్గంలోనే వచ్చింది, 8 మందికి సోకి 6 మంది మరణించాక అక్కడా ఆగిపోయింది. ఆఫ్రికాలో సరిహద్దు అంటే గేటు, తనిఖీ కేంద్రం మాత్రమే కాదు. ఇటు ఊళ్లో పెళ్లి, అటు ఊళ్లో సంత, రెండింటి నడుమ పొలాల గట్లు. గేటు మూస్తే జనం గట్ల వెంట నడుస్తారు, అక్కడ థర్మామీటరు పట్టుకుని నిలబడేవారు ఉండరు. 2019లో కాంగో నుంచి ఉగాండాకు ఎబోలాను మోసుకొచ్చిన కుటుంబం కూడా తనిఖీ కేంద్రాన్ని తప్పించుకుని పక్క దారినే దాటింది.

దారులు మూసుకుపోయినప్పుడు నష్టపోయింది ఎవరు అన్నది 2014 ఆగస్టు నుంచి స్పష్టంగా కనిపించింది. ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, కెన్యా ఎయిర్‌వేస్ ఎబోలా ప్రబలిన దేశాలకు తమ సర్వీసులను ఆపేశాయి, ఎయిర్ ఫ్రాన్స్ సియెరా లియోన్ సర్వీసును ఆపింది. బ్రస్సెల్స్ ఎయిర్‌లైన్స్, రాయల్ ఎయిర్ మారోక్ మాత్రం చివరిదాకా నడిచాయి. ఏ వైద్యుడైనా కొన్ని వారాలు సేవ చేయడానికి వెళ్లాలంటే, తిరిగి వచ్చే విమానం ఉందో లేదో, తనకే జబ్బు చేస్తే బయటపడే దారి ఉందో లేదో తెలియాలి. అది తెలియనప్పుడు ఎంత సేవాభావం ఉన్నవాడైనా పేరు ఇవ్వడానికి వెనకాడతాడు. గ్లౌజులు, రక్షణ దుస్తులు, క్లోరిన్, ప్రయోగశాల సామగ్రి చాలావరకు ఇవే దారుల్లో వెళ్లాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 130కి పైగా దేశాల మద్దతుతో ఆమోదించిన 2177వ తీర్మానం, ఆంక్షలు ఎత్తివేయండని సభ్యదేశాలను కోరింది. అయినా అక్టోబరు చివరి వారంలో ఆస్ట్రేలియా, ఆ వెంటనే కెనడా ఆ దేశాల వారికి వీసాలు నిలిపివేశాయి. రెండు దేశాల్లోనూ అప్పటికి ఒక్క ఎబోలా రోగి కూడా లేడు. తర్వాతి కాలంలో ఎబోలాను నిలువరించిన టీకాకు పునాది వేసింది కెనడాలోని విన్నిపెగ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలే కావడం ఈ నిర్ణయాన్ని మరింత బాధాకరం చేస్తుంది.

ఈ విషయంలో అంకెలు కూడా నిషేధానికి పెద్దగా బలం ఇవ్వవు. నిష్క్రమణ తనిఖీ, అంటే బయలుదేరే చోటే ప్రయాణికుడి ఉష్ణోగ్రత చూసి ప్రశ్నలు అడిగే పద్ధతి, లేకపోతే ఆ మూడు దేశాల నుంచి నెలకు సగటున ముగ్గురు కంటే తక్కువ మంది సోకినవారు విమానం ఎక్కుతారని లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ప్రపంచమంతటా వచ్చే చోట తనిఖీ చేయడం కంటే ఆ మూడు దేశాల్లో బయలుదేరే చోట చేయడమే మేలని కూడా అది తేల్చింది. రాకపోకలను 80 శాతం తగ్గించినా వ్యాధి ఇతర దేశాలకు చేరడం మూడు, నాలుగు వారాలు ఆలస్యమవుతుందే తప్ప ఆగదని మరో అధ్యయనం చెప్పింది.

కోవిడ్ వేసిన చిక్కుముడి

ఎబోలా పాఠాన్ని ప్రతి వ్యాధికీ యథాతథంగా అంటగట్టడం పొరపాటు అవుతుంది. కోవిడ్ వైరస్ లక్షణాలు కనిపించక ముందే, కొందరిలో అసలు కనిపించకుండానే, గాలి ద్వారా వ్యాపించింది. తొలి జ్వరం నాడు పట్టుకుంటే చాలన్న సూత్రం దాని ముందు పనిచేయలేదు. 2020 మార్చి 19న సరిహద్దులు మూసి, తిరిగి వచ్చిన తన పౌరులను కూడా ప్రభుత్వ పర్యవేక్షణలో 14 రోజులు ఉంచిన న్యూజీలాండ్, టీకాలు వచ్చేదాకా వేల ప్రాణాలను నిలబెట్టుకుంది. నిషేధాన్ని సమర్థించేవారి చేతిలో ఇది బలమైన ఉదాహరణ, దీన్ని తోసిపుచ్చడం నిజాయితీ అనిపించుకోదు. కానీ అది చుట్టూ సముద్రం ఉన్న దేశం, నిషేధాన్ని అన్ని దేశాలకూ వర్తింపజేసింది, దొరికిన ప్రతి వారాన్నీ పరీక్షలకూ క్వారంటైన్ ఏర్పాట్లకూ వాడుకుంది.

మిగతా చోట్ల కథ వేరుగా నడిచింది. ఊహాన్ నగరాన్ని జనవరి 23న దిగ్బంధించడం వల్ల చైనాలోని ఇతర ప్రాంతాల్లో వ్యాప్తి మూడు నుంచి అయిదు రోజులు మాత్రమే వెనక్కి జరిగిందనీ, విదేశాలకు చేరడం కొన్ని వారాల పాటు గణనీయంగా తగ్గిందనీ సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన అంచనా వేసింది. దిగ్బంధానికి ముందే దాదాపు 50 లక్షల మంది నగరం విడిచి వెళ్లారని ఆ నగర మేయరే చెప్పారు. అమెరికా ఫిబ్రవరి ఆరంభంలో చైనా నుంచి వచ్చే విదేశీయులను ఆపినా, తన పౌరులను, వారి కుటుంబ సభ్యులను మినహాయించింది. ఆ నెలంతా పరీక్ష కిట్లు లోపభూయిష్ఠంగా ఉండడంతో వృథా అయింది, న్యూయార్క్‌ను ముంచెత్తిన వైరస్ ప్రధానంగా ఐరోపా నుంచి వచ్చినట్లు జన్యు విశ్లేషణల్లో తేలింది. కొన్న సమయంలో ఏమీ చేయకపోతే ఆ సమయానికి విలువ లేదు.

తెలుగువారు ఈ నిషేధాల రుచిని రెండు వైపుల నుంచీ చూశారు. భారతదేశం 2020 మార్చి 22న అంతర్జాతీయ విమానాలను ఆపినప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనులు పోగొట్టుకున్న కార్మికులు, మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా సొంత దేశంలోకి అడుగు పెట్టలేక అక్కడి గదుల్లోనే గడిపారు. మరుసటి ఏడాది మే 3న ఆస్ట్రేలియా ఇంకొక మెట్టు ఎక్కింది. భారత్‌లో 14 రోజుల్లోపు ఉన్నవారు తన పౌరులైనా సరే దేశంలోకి వస్తే అయిదేళ్ల దాకా జైలు అన్న నిబంధనను అమల్లోకి తెచ్చింది. అమ్మానాన్నలను చూడడానికో, అంత్యక్రియలకో వచ్చి, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఇక్కడే చిక్కుకుపోయిన ప్రవాస భారతీయులకు ఆ రెండు వారాలు ఎలా గడిచాయో తేలికగానే ఊహించవచ్చు.

నిజం చెప్పినవారికే శిక్ష

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు 2021 నవంబరు 24న ఒక కొత్త కోవిడ్ రకాన్ని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు వెంటనే తెలియజేశారు. రెండు రోజుల్లో దానికి ఒమిక్రాన్ అన్న పేరు వచ్చేలోపే బ్రిటన్ ఆ ప్రాంత దేశాలను ప్రయాణ ఆంక్షల ఎర్ర జాబితాలో పెట్టింది, ఆ వెనుకే అమెరికా ఎనిమిది దేశాల నుంచి రాకను నిషేధించింది. అదే వైరస్ దక్షిణాఫ్రికా ప్రకటనకు ముందు సేకరించిన నమూనాల్లోనే నెదర్లాండ్స్‌లో ఉన్నట్లు తర్వాత బయటపడింది. దక్షిణాఫ్రికా జన్యు పరిశోధనకు నాయకత్వం వహించిన తులియో డి ఒలివెరా, విమానాలు ఆగిపోవడంతో పరీక్షలకు కావాల్సిన రసాయనాలు అందడం లేదని బహిరంగంగా మొర పెట్టుకున్నారు. వైరస్‌ను ముందుగా చూడగలిగిన కళ్లకే గంతలు కట్టినట్లయింది.

ఇలాంటి శిక్ష భారతదేశానికి కొత్త కాదు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో న్యుమోనిక్ ప్లేగు, అంటే ఊపిరితిత్తులకు సోకి దగ్గు తుంపర్ల ద్వారా అంటుకునే ప్లేగు, ప్రబలిందన్న వార్త పాకగానే లక్షల మంది రైళ్లెక్కి నగరం ఖాళీ చేశారు. సూరత్ మరమగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలకు ఆ నగరం రెండో ఇల్లు. ఆ భయం కరీంనగర్, వరంగల్ ఊళ్ల దాకా తాకడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. గల్ఫ్ దేశాలు భారత విమానాలను ఆపేశాయి, కొన్ని చోట్ల మన ఆహార సరుకులను కూడా వెనక్కి తిప్పాయి. మరణాలు యాభై పైచిలుకు దాటలేదు, ఒక్క దేశానికీ ఆ ప్లేగు పాకలేదు. టెట్రాసైక్లిన్ మాత్రతో నయమయ్యే ఆ వ్యాధి, వ్యాపారం, పర్యాటకం కలిపి దేశానికి దాదాపు 200 కోట్ల డాలర్ల నష్టం మిగిల్చిందని అంచనా.

ఇలాంటి శిక్ష ఒకసారి చవిచూసిన ప్రభుత్వం తర్వాతిసారి నోరు మెదపడానికి జంకుతుంది. ప్రయాణ నిషేధాల వల్ల జరిగే నష్టాల్లో కంటికి కనిపించనిదీ, అన్నింటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. ఈ సంగతి తెలిసే 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను సవరించారు. 2007 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చి, 196 దేశాలు అంగీకరించిన ఆ ఒప్పందంలోని 43వ అధికరణం ప్రకారం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన దానికంటే కఠినంగా రాకపోకలను అడ్డుకునే దేశం ఆ సంగతినీ, అందుకు ప్రజారోగ్యపరమైన కారణాన్నీ 48 గంటల్లో తెలియజేయాలి. కానీ 2014లో యాభైకి పైగా దేశాలు ఆ సూచనలను మీరాయి, వాటిలో ఏ ఒక్కదానికీ శిక్ష పడలేదు, ఎందుకంటే శిక్షించే అధికారం ఆ నిబంధనల్లో లేదు.

2024 జూన్‌లో ఆ నిబంధనలను మళ్లీ సవరించారు. 2025 మే 20న మహమ్మారుల ఒప్పందం పేరిట కొత్త పత్రాన్ని ఆమోదించారు. ప్రయాణికులను ఆపమని గానీ, రానివ్వమని గానీ ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని ఆ ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్నారు. ముందుగా నిజం చెప్పి, అందుకు విమానాలూ వ్యాపారమూ పోగొట్టుకున్న దేశానికి ఆ నష్టాన్ని తిరిగి కట్టివ్వాలన్న నిబంధన మాత్రం ఈ రెండింటిలో ఎక్కడా లేదు.